కాలేజీ బాస్కెట్‌బాల్‌లో వేర్వేరు కాన్ఫరెన్సుల జట్ల డిఫెన్స్‌ను ఎలా పోల్చాలి?

2024 జనవరిలో హైదరాబాద్ ఓపెనర్ తన్మయ్ అగర్వాల్ రంజీలో అరుణాచల్ ప్రదేశ్ మీద 181 బంతుల్లో 366 పరుగులు బాదాడు. చప్పట్లు కొడుతూనే "అయినా అది బలహీన జట్లాడే ప్లేట్ గ్రూపు కదా" అని మనసులో అనుకోనివాళ్లు తక్కువే. ఆ "అయినా"కి ఎంత విలువ కట్టాలి? అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ చూసేవాళ్లకి ఏటా ఎదురయ్యే ప్రశ్న ఇదే. కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన ఎన్‌సీఏఏ డివిజన్-1లో 350కి పైగా జట్లు 30కి పైగా కాన్ఫరెన్సుల్లో, అంటే ఎక్కువగా తమలో తామే ఆడుకునే జట్ల గుంపుల్లో, ఆడతాయి. బిగ్ 12 జట్టుకు వారం వారం గట్టి ప్రత్యర్థులే. అమెరికా ఈస్ట్ లాంటి చిన్న కాన్ఫరెన్సులో ఆ బెడద లేదు. పట్టికలో మాత్రం ఇద్దరికీ ఒకటే గడి: మ్యాచ్‌కి ఇచ్చిన పాయింట్లు.

1. ముందు ఆ గడిని మర్చిపోండి

నెమ్మదిగా ఆడే జట్టు మ్యాచ్‌లో బంతి చేతులు మారేదే తక్కువ, కాబట్టి పాయింట్లూ తక్కువే. అది డిఫెన్స్ గొప్పతనం కాదు, ఆట వేగం. అందుకే పొసెషన్లు, అంటే బంతి ప్రత్యర్థి చేతికి వచ్చిన అవకాశాలు, లెక్కపెట్టాలి. ప్రత్యర్థి వేసిన షాట్లలోంచి వాళ్ల ఆఫెన్సివ్ రీబౌండ్లు (తప్పిన షాట్‌ని వాళ్లే మళ్లీ అందుకున్నవి) తీసేసి, టర్నోవర్లు (షాట్ వేయకుండానే బంతి పోగొట్టుకున్నవి) కలిపి, ఫ్రీ త్రోల (ఫౌల్‌కి దక్కే అడ్డులేని షాట్ల) సంఖ్యను 0.475తో గుణించి దానికి చేర్చండి. కాలేజీ ఆటకు వాడే గుణకం అది; ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏకి 0.44 వాడతారు.

ఉదాహరణకి 58 షాట్లు, 9 రీబౌండ్లు, 13 టర్నోవర్లు, 18 ఫ్రీ త్రోలు అనుకుందాం. 58 – 9 + 13 + 8.55 = 70.55 పొసెషన్లు. ఆ జట్టు 66 పాయింట్లు చేస్తే, 100 పొసెషన్లకు 93.6 ఇచ్చినట్టు. మనం పోల్చాల్సింది ఈ అంకెనే.

2. ఎవరికి ఇచ్చారో చూడండి

రెండు ఊహా జట్లు తీసుకుందాం. పెద్ద కాన్ఫరెన్సులోని 'అ' జట్టు 100 పొసెషన్లకు 100 ఇస్తోంది, దాని ప్రత్యర్థులు మామూలుగా చేసేది 112. చిన్న కాన్ఫరెన్సులోని 'ఆ' జట్టు ఇచ్చేది 94, దాని ప్రత్యర్థులు చేసేది 98. దేశం సగటు 104 అనుకోండి. ఇచ్చినదాన్ని దేశం సగటుతో గుణించి ప్రత్యర్థుల సగటుతో భాగిస్తే 'అ'కి 92.9, 'ఆ'కి 99.8. తారుమారైపోయింది! పైగా 'అ' మ్యాచ్‌కి 72 పొసెషన్లు, 'ఆ' 64 ఆడుతుంటే, పట్టికలో 'ఆ' ఇచ్చేది 60, 'అ' ఇచ్చేది 72. పట్టిక చూసి పందెం కాసినవాడి జేబుకి చిల్లే.

3. అసలు చిక్కు ఇక్కడే

ఆ ప్రత్యర్థులు చేసిన 98 కూడా బలహీనమైన డిఫెన్సుల మీద చేసిందే కదా? దాన్నీ సవరించాలి. ఆ సవరణకి మళ్లీ డిఫెన్సుల అంకె కావాలి. అందుకే కంప్యూటర్‌తో అంకెలు కదలడం మానేదాకా తిప్పి తిప్పి లెక్కేస్తారు. కాలేజీ బాస్కెట్‌బాల్ గణాంకాల నిపుణుడు కెన్ పోమరాయ్ రేటింగ్‌ల లాంటివాటి వెనక ఉన్న ఆలోచన ఇదే.

అయితే ఒక కాన్ఫరెన్సు జట్లు తమలో తాము ఎన్ని ఆడినా, పక్క కాన్ఫరెన్సుతో పోల్చడానికి ఒక్క ముక్క కూడా తేలదు. ఒకరి గెలుపు ఇంకొకరి ఓటమి, అంతే. రెండు ఒడ్లనీ కలిపేవి ఎక్కువగా నవంబరు, డిసెంబరుల్లో జరిగే నాన్-కాన్ఫరెన్స్ మ్యాచ్‌లే. వాటిని విడిగా రాసుకోండి, ఎక్కడ ఆడారో కూడా. చిన్న కాలేజీలు డబ్బు తీసుకుని పెద్ద కాలేజీల కోర్టుకే వెళ్లి ఆడే మ్యాచ్‌లు వీటిలో బోలెడు. సొంత కోర్టు విలువ సుమారు 3 పాయింట్లు. అది సరిచేయకపోతే చిన్న జట్టుకి అన్యాయం చేసినట్టే.

4. అదృష్టాన్ని వేరు చేయండి

ప్రత్యర్థి ఫ్రీ త్రో వేస్తుంటే డిఫెన్స్ చేయగలిగింది చూస్తూ నిలబడడమే. త్రీ పాయింటర్లలోనూ (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) ఎన్ని వేయనిస్తారన్నది కొంతవరకు వాళ్ల చేతిలో ఉంటుంది. ఎన్ని పడతాయన్నది చాలావరకు ఉండదు. 2018లో నెమ్మది ఆటకీ బిగువైన డిఫెన్సుకీ పేరుపడ్డ వర్జీనియా, 16వ సీడ్ (టోర్నీ ర్యాంకుల్లో అట్టడుగు) యూఎంబీసీ అనే చిన్న కాలేజీ జట్టు చేతిలో 74–54తో ఓడింది. సీజన్ చివర జరిగే ఎన్‌సీఏఏ టోర్నీలో టాప్ సీడ్‌ను 16వ సీడ్ ఓడించడం పురుషుల్లో అదే మొదలు. సగం ఆట అయ్యేసరికి 21–21. తర్వాతి సగంలోనే యూఎంబీసీ 53 కొట్టింది, మొత్తం 24 త్రీల్లో 12 పడ్డాయి. పైగా వర్జీనియా ఆటగాడు డియాండ్రే హంటర్ గాయంతో ఆడలేదు. ఆ ఒక్క రాత్రితో వాళ్ల డిఫెన్స్ బూటకమని తేల్చేసినవాళ్లు మరుసటి ఏడాది అదే జట్టు చాంపియన్ అవడం చూశారు.

5. జట్టు ఇల్లు మారితే గమనించండి

ఇంతకంటే మంచి పరీక్ష దొరకదు. హ్యూస్టన్ 2023 వరకూ అమెరికన్ అథ్లెటిక్ కాన్ఫరెన్సులో ఆడేది. కోచ్ కెల్విన్ శాంప్సన్ డిఫెన్సును ఎంత పొగిడినా "ఎవరి మీద?" అన్న ప్రశ్న వెంటాడేది. 2023–24లో బిగ్ 12కి వచ్చింది. వచ్చిన మొదటి ఏడాదే 15 గెలుపులు, 3 ఓటములతో కాన్ఫరెన్సు టైటిల్ గెలిచింది.

ఇంత చేశాక కూడా రెండు జట్ల మధ్య తేడా 1, 2 పాయింట్లే అయితే ఎవరు మెరుగో తేల్చకండి. ఆ మాత్రం తేడాని కొన్ని త్రీలు అటూ ఇటూ చేసేస్తాయి.