చెరువు బాగుచేయాలంటే ముందు కాలువ ఎప్పుడు కట్టేస్తారో కనుక్కోండి

నేను టైలర్ని. మాది అమలాపురానికి దగ్గర్లో ఒక ఊరు. షాపు సరిగ్గా ఊర చెరువు గట్టుకి ఎదురుగా ఉంటుంది, మిషను తొక్కుతూ తలెత్తితే కనిపించేది చెరువే. చెరువంటే చెరువు కాదు, కొన్నేళ్లపాటు నాకు కనిపించింది గుర్రపుడెక్క. ఊదారంగు పూలు పూసినప్పుడు ఒక పెళ్లివారు దాని ముందు నిలబడి ఫొటోలు కూడా దిగి వెళ్లారు. ఆ పూల కింద నీళ్లున్నాయని వాళ్లకి తెలిసిందో లేదో!

ఆరేళ్ల కిందట పది పన్నెండుమందిమి కలిసి దాని సంగతి చూద్దామని దిగాం. ఇప్పుడు పక్క ఊళ్ల కుర్రాళ్లు వచ్చి "మాస్టారూ, మీరెలా చేశారండీ?" అని అడుగుతున్నారు. టైలర్ని కూడా మాస్టారనే అంటారు కాబట్టి నేనూ కాస్త పాఠం చెప్పేస్తున్నాను.

ముందు మేం చేసిన తప్పు చెప్పాలి. మొదటి ఏడాది ఆగస్టు 15న జెండా ఎగరేసి, ఆ ఊపులోనే ఎనభైమందిమి చెరువులో పడ్డాం. మధ్యాహ్నానికి సగం చెరువు తేలింది. లాగిన డెక్కంతా గట్టు అంచునే కుప్పలు పోశాం. అదే రోజు యాభై మొక్కలు కూడా గోతులు తీసి పాతేశాం. సరిగ్గా మూడు వారాలకి చెరువు మళ్లీ పచ్చగా మూసుకుపోయింది. దసరాకి లెక్క చూస్తే యాభై మొక్కల్లో తొమ్మిది మిగిలాయి.

ఎందుకలా అయిందో మాకు చెప్పింది రిటైరైన ఒక లస్కరు, అంటే కాలువ నీళ్లు చూసుకునే ఉద్యోగి. "కాలువ నిండా పారుతుంటే మీరు చెరువులో డెక్క లాగడమేంటయ్యా? ఇటు లాగుతుంటే అటు తూములోంచి వస్తూనే ఉంటుంది కదా" అన్నాడు. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచీ మా డెల్టాలో క్యాలెండర్లు రెండు. ఒకటి గోడ మీద ఉంటుంది, రెండోది కాలువలో ఉంటుంది. బొబ్బర్లంక దగ్గర కాలువ తలుపులు ఎత్తితే మాకు సార్వా, అంటే తొలి వరి పంట, మొదలైనట్టు. రెండో పంట దాళ్వా చేలు కోతకొచ్చాక, ఏప్రిల్‌లో, కాలువలు కట్టేస్తారు, అంటే నీళ్లు ఆపేస్తారు. మళ్లీ నీళ్లు వదిలేది జూన్‌లో. తేదీలు ఏటా కాస్త అటూ ఇటూ అవుతాయి. ఆ మధ్యలో ఉన్న ఐదారు వారాలే చెరువు పనికి అసలైన రోజులు. ఆదివారం ఖాళీ ఉంది కదా అనో, జెండా పండగ వచ్చింది కదా అనో దిగితే మాకైనట్టే అవుతుంది.

ఎవరి చెరువో తేల్చుకోండి

మంచినీళ్ల చెరువైతే దాని జోలికి పోవద్దు. కాలువలు కట్టేసే ముందు దాన్ని నింపి పెడతారు, వేసవంతా ఊరు తాగేది ఆ నీళ్లే. లోపల కాలు పెట్టకుండా కంచె బయట చెత్త ఏరితే చాలు. వాడకపు చెరువైతే పంచాయతీని అడిగి తీర్మానం రాయించుకోండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. సర్పంచి మారినప్పుడు ఆ కాగితమే మాట్లాడుతుంది. కాలువ గట్టు మాత్రం జలవనరుల శాఖది. అక్కడ ఒక్క మొక్క పాతాలన్నా వాళ్లకి చెప్పి పాతాలి.

ఇవన్నీ చేసి మేం మర్చిపోయిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన చెరువు పాటదారు. చేపలకి వేలం పాడుకున్నవాడు ఆయన. మేం బురద కలిపేసరికి పరిగెత్తుకొచ్చి "ఏంటి టైలరు గారూ, నా చేపల మీద పడ్డారు?" అని గొడవ పెట్టుకున్నాడు. ఆయన బాధ నిజమే. బురద రేగితే చేపకి ఊపిరాడదు. ఆ తర్వాత ఏడాది ముందుగా వెళ్లి కూర్చుని మాట్లాడాం. చేపలు పట్టించేసిన మర్నాడే దిగుతామన్నాం. ఇప్పుడు ఆయనే దోనె ఇస్తున్నాడు. రేవులో బట్టలుతికేవాళ్లతో, గేదెల్ని కడిగేవాళ్లతో కూడా ఇలాగే ముందు మాట్లాడుకోవాలి. చెరువుని రోజూ వాడేది వాళ్లు, మనం వారానికోసారి వచ్చేవాళ్లం.

గుర్రపుడెక్క లాగడం

దీన్ని చేత్తో ఒక్కొక్కటీ పీకితే నడుం పోతుంది, చెరువు తేలదు. మేం వాడేది మోకు. కొబ్బరి పీచు మోకు, చెరువు అడ్డానికి సరిపోయి ఇంకో నాలుగు బారలు మిగిలేంత పొడుగుది. దానికి బారకొకటి చొప్పున మూరెడు వెదురు ముక్కలు కడతాం, తేలడానికి. ఒక గట్టు మీద ముగ్గురు, రెండో గట్టు మీద ముగ్గురు మోకు పట్టుకుని గాలి వాటం చూసి నడుస్తారు. గాలికి ఎదురు లాగొద్దు. డెక్క ఆకులకి బుడగల్లాంటి కాడలుంటాయి కాబట్టి గాలి ఎటు తోస్తే అటే పోతుంది. పొద్దున్నే గాలి పడమర నుంచి ఉంటే తూర్పు రేవు దగ్గరికి సగం పని అదే చేసిపెడుతుంది. మోకు దగ్గరికొచ్చేసరికి డెక్క చాపలా దొంతర పడుతుంది. అప్పుడు నడుం లోతులో నలుగురు దిగి దోటికొక్కేలతో చీల్చి అందిస్తారు.

అందుకున్నదాన్ని మోయడానికి మొదట్లో తట్టలు వాడాం. నీళ్లు కారి మోసేవాడి నెత్తి మీద పడేవి. చివరికి నా వృత్తి పనికొచ్చింది. రెండు సిమెంటు సంచులు విప్పి, కలిపి, 18 నెంబరు సూదితో కుట్టి, రెండు పక్కలా పాత స్కూలు బ్యాగుల బెల్టులు పెట్టాను. ఇద్దరు మోసే జోలె అన్నమాట. నీళ్లు నేతలోంచి కారిపోతాయి, డెక్క మిగులుతుంది. మీ ఊళ్లో టైలర్ని అడగండి, అరగంట పని. మామూలు సూదితో మాత్రం కుట్టించకండి, విరుగుతుంది, తిట్లు మీరు తినాలి.

గట్టు మీదకి వచ్చాక దాన్ని నీటి అంచున పొయ్యకండి. గట్టు అవతలి వాలులో, వేర్లు పైకి వచ్చేలా బోర్లించి పరవాలి. దాని ఒళ్లంతా నీళ్లే, పదింట తొమ్మిది వంతులు అంతే. మే ఎండకి నాలుగు రోజుల్లో కొండంత కుప్ప మోకాలెత్తుకి దిగుతుంది. ఆ తర్వాత ఒక పొర డెక్క, ఒక పొర పేడ, పైన కాస్త ఒండ్రు మట్టి, ఇలా నడుమెత్తు పేర్చి కొబ్బరాకులు కప్పి పెట్టండి. పదిహేను రోజులకోసారి తిరగేస్తే మూడు నెలలకి ఎరువవుతుంది. మందుల నీళ్లో ఫ్యాక్టరీ నీళ్లో కలిసే మురుగు కాలువ డెక్కైతే మాత్రం కూరపాదులకి వేయకండి, అది నీళ్లలోని విషాల్ని వేర్లతో పీల్చుకుని దాచుకుంటుంది.

ఎవరో ఒకరు వచ్చి "ఇంత కష్టమెందుకు, గడ్డిమందు కొట్టేస్తే పోద్ది కదా" అంటారు. ప్రతి ఊళ్లోనూ ఒకాయన ఉంటాడు. కొడితే డెక్క చస్తుంది, నిజమే. చచ్చి అక్కడే కుళ్లుతుంది. కుళ్లేటప్పుడు నీళ్లలో ఉన్న ప్రాణవాయువంతా తినేస్తుంది, చేపలు వెల్లకిలా తేలతాయి. పాటదారుకి ఏం చెబుతారు?

జూన్‌లో నీళ్లు వదిలే లోపు చేయాల్సింది ఇంకొకటుంది, అసలు మొదటి ఏడాది మేం తప్పింది దీని దగ్గరే. తూము మూతికి వెదురు తడక కట్టాలి. వేలు దూరేంత సందులు చాలు. నీళ్లు వస్తాయి, డెక్క ఆగిపోతుంది. వారం వారం ఆ తడక దగ్గర పేరుకున్నది తీయాలి, లేకపోతే నీళ్లు ఆగి లస్కరు దగ్గర మాట పడతారు. డెక్క విత్తనం బురదలో ఏళ్ల తరబడి బతికే ఉంటుంది, పరిస్థితి కలిసొస్తే ఉన్నది రెండు వారాల్లో రెట్టింపవుతుంది. కాబట్టి ఒక్కసారి లాగేసి పండగ చేసుకునే పని కాదు. మేం ఇప్పుడు ఆదివారం పొద్దున్న ఆరుమందిమి గంటన్నర దిగుతాం. ఎనభైమంది ఒక్కరోజు చేసినదానికన్నా అదే ఎక్కువ.

మొత్తం ఊడ్చేయకండి కూడా. రెండో ఏడాది వానల్లో ఈశాన్యం మూల జమ్ము దగ్గర ఒక చెత్త ముద్ద లాగబోయాను. తడి నాచు పక్కకి జరిగితే కింద గుడ్లు, వెచ్చగా ఉన్నాయి. బుడుబుంగ అనే నీటిపిట్ట గూడు. అది లేచి వెళ్లేటప్పుడు గుడ్ల మీద నాచు కప్పి వెళుతుంది, మనకి చెత్తలా కనిపించాలనే. మళ్లీ అలాగే కప్పేసి వెనక్కి వచ్చేశాను. అప్పట్నుంచి ఆ మూల చుట్టూ నాలుగు కర్రలు పాతి వదిలేశాం. అక్కడ మోకు తిరగదు.

మొక్కలు: గొయ్యి కాదు, దిబ్బ

మెట్టలో మొక్క ఎండి చస్తుంది. మా దగ్గర కుళ్లి చస్తుంది. జిగురు మట్టిలో రెండడుగుల గొయ్యి తీసి పాతితే ఆ గొయ్యి వానాకాలంలో గిన్నెలా నీళ్లు పట్టుకుంటుంది. మా యాభైలో నలభై ఒకటి పోయింది అందుకే. ఇప్పుడు అడుగున్నర ఎత్తు, నాలుగడుగుల వెడల్పు దిబ్బ పోసి, దాని నెత్తిన పాతుతాం. టేపు నా మెడలోనే ఉంటుంది, కొలిచే పోస్తాం. అడుగున మన డెక్క ఎరువు ఒక తట్ట.

మొక్కలకి కడియం దాకా వెళితే మంచిది, నర్సరీలకి ఆ ఊరి తర్వాతే ఏదైనా. కానీ పొడుగు చూసి కొనకండి. చిన్న కవరులో ఎత్తుగా పెరిగిన మొక్కకి వేర్లు లోపల చుట్టలు చుట్టుకుని ఉంటాయి. కాండం లావు చూడాలి. కవరు అడుగు నొక్కి చూస్తే తాడుచుట్టలా గట్టిగా తగిలితే వద్దనండి.

ఏ చెట్లు వేయాలన్నదాని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఊరికి పని ఉన్న చెట్టే బతుకుతుంది. ఉసిరి వేశాం, కార్తీకంలో దీపం పెట్టడానికి ఆడవాళ్లకి కావాలి కాబట్టి వాళ్లే కాపలా. మారేడు వేస్తే శివాలయం పూజారి గారే నీళ్లు పోయిస్తున్నారు. నేరేడు పిల్లలది. కానుగ, వేప నీడకి. రేవు పక్కన ఒక పొన్న. కోనోకార్పస్ తొందరగా పచ్చగా కనిపిస్తుందని ఒకరిద్దరు పట్టుబట్టారు, నేను ఒప్పుకోలేదు. తినే పండు లేదు, దాని నీడలో ఎవరూ కూర్చోరు కూడా.

కాలువ గట్టు మీదైతే ఒక వైపే వేయండి. రెండో వైపు పొక్లెయిన్ తిరగడానికి వదలాలి. పూడిక తీయడానికి అది వచ్చిన రోజు అడ్డంగా ఉన్న చెట్లే ముందు పోతాయి.

కంచెకి ఈత మట్టలు కట్టండి, మేకలు మూతి పెట్టవు. వెదురు కంచె కడితే సంక్రాంతికి జాగ్రత్త! మాకు ఒక ఏడాది భోగి తెల్లారేసరికి పదకొండు కంచెలు లేవు, మంటలో ఉన్నాయి. తిట్టి లాభం లేదని మరుసటి ఏడాది ఆ కుర్రాళ్లకే చెట్ల లెక్క అప్పజెప్పాం. పడిపోయిన కొబ్బరి దుంగ ఒకటి భోగికి ముందే వాళ్లకి ఇచ్చేశాం. ఒక్క కంచె పోలేదు.

కాలువ కట్టేసిన వారాల్లో మూడు రోజులకోసారి మొక్కకి రెండు బిందెలు పోయాలి. చుట్టూ కొబ్బరికాయ ఒలిచిన పీచు డొక్కలు బోర్లించి పరిస్తే నేల బీటలివ్వదు. మూడు వేసవులు దాటితే ఇక దానికి మనతో పని లేదు.

మనుషులు, పాములు, టిఫిన్లు

పొద్దున్న ఆరుకి మొదలెట్టి ఎనిమిదిన్నరకి ఆపేయండి. మేలో ఆ తర్వాత ఎండ తట్టుకోలేరు. కాళ్లకి పుండ్లున్నవాళ్లు, పిల్లలు నీళ్లలో దిగకూడదు, మిగతావాళ్లు కూడా ఒంటరిగా దిగకూడదు. గాజు ముక్కలుంటాయి కాబట్టి గమ్‌బూట్లు తప్పనిసరి. డెక్కలో ఎక్కువగా కనిపించేది నీరుకట్టె, దానికి విషం లేదు. అయినా తాచు, కట్లపాము కూడా ఉండే ప్రాంతమిది. ఏది కరిచినా కోయడం, బిగించి కట్టడం, మంత్రం అంటూ టైమ్ వేస్ట్ చేయకుండా కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

డబ్బులు వసూలు చేయకండి. లెక్కల గొడవతోనే సగం సంఘాలు విడిపోతాయి. వస్తువులు అడగండి. ఒకరు మోకు ఇస్తారు, ఒకరు వెదురు, ఒకావిడ పనసాకు బుట్టల్లో ఉడికించిన ఇడ్లీలు, అదే పొట్టిక్కలు, పంపిస్తారు. పొట్టిక్కలు ఉన్న ఆదివారం ఆరుమంది కాస్తా పదహారుమంది అవుతారు, అది నేను కళ్లారా చూసిందే.

వినాయక నిమజ్జనం మర్నాడు, కార్తీక పౌర్ణమి మర్నాడు మాత్రం పిలవకుండానే అందరూ రావాలని ముందే చెప్పి పెట్టుకోండి. నిమజ్జనం తర్వాత కర్రలు, గడ్డి, సీరియల్ బల్బుల వైర్లు తేలతాయి. కార్తీకంలో అరటి దొప్పల్ని ఏమీ అనక్కర్లేదు, అవి కుళ్లిపోతాయి. థర్మాకోల్ ప్లేట్లే ఏరాలి. పౌర్ణమికి ముందు రోజు షాపు గుమ్మంలో ఒక మోపు అరటి దొప్పలు పెట్టి ఊరికే ఇస్తుంటే ప్లేట్లు చాలా తగ్గాయి.

పని అయిపోయాక మోకుని నీళ్లలో జాడించి, గట్టు మీద పొడవునా పరిచి ఎండబెట్టాలి. తడి మీద చుట్టి అటక మీద పడేస్తే వచ్చే ఏప్రిల్‌కి చేతిలో పీచు మాత్రమే మిగులుతుంది. మా రెండో మోకు అలాగే పోయింది. ఎండాక చుట్టి, వేపాకు వేసి, నేను కుట్టిన సంచిలోనే కట్టి పెడుతున్నాను. ఎలుకలు ఇప్పటిదాకా దాని జోలికి రాలేదు.