రేగడి నేలలో కుక్క కోసం ప్లాస్టిక్ గడ్డి వేయడం ఎలా?

మిర్యాలగూడ చుట్టూ ఇప్పుడు ప్లాట్లయినవి చాలావరకు ఒకప్పుడు వరి పండిన మళ్లే. పైన నాలుగు ట్రిప్పుల మొరం పోసినా కింద ఉన్నది నల్లరేగడే. ఒక్క వాన పడితే చాలు, కుక్క పాదాల ముద్రలు వాకిట్లోంచి సోఫా దాకా వస్తాయి. ఆ బాధ పడలేకే నేనూ ప్లాస్టిక్ గడ్డి కొన్నాను. షాపుల్లో టర్ఫ్ అంటారు.

మొదటిసారి అమ్మినతని మాట విని మట్టి చదును చేయించి, నల్ల కవరు పరిచి, దాని మీదే గడ్డి వేశాను. రెండు ముసుర్లు పట్టేసరికి అడుగేస్తే చప్పుడు. మరో నెలకు కంపు వంటింట్లోకి వచ్చింది. మూల లేపి చూస్తే కవరు మీద పచ్చగా ఉచ్చనీళ్లు. రెండోసారి అంతా పీకి మళ్లీ చేయించిన పద్ధతి ఇది. రేగడిలో గడ్డి పరచడం పావు వంతు పనే. మిగతా ముప్పావు నీళ్లకు దారి చూపించడం.

ముందు ఒక గుంత

అడుగు లోతు గుంత తీసి నిండా నీళ్లు పోయండి. అవి ఇంకాక మళ్లీ నింపి గంట తర్వాత చూడండి. ఎర్ర చెలక అయితే నీళ్లు బాగా దిగుతాయి, మీకు ఇంత హంగామా అక్కర్లేదు. అర అంగుళం కూడా దిగకపోతే మీది రేగడి పనే. మా ఇంట్లో సాయంత్రం పోసిన నీళ్లలో పొద్దున ముఖం చూసుకోవచ్చు.

తవ్వకం, వాటం

ఈ పనికి వానలు వెనక్కి పట్టాక, అక్టోబరు, నవంబరుల్లో మట్టి పదును మీద ఉన్నప్పుడు దిగండి. తడిలో తొక్కితే రేగడి ముద్దవుతుంది. ఏప్రిల్‌లో అయితే చెయ్యి పట్టేంత నెర్రెలు ఉంటాయి, వాటి మీద వేస్తే తొలకరికి నేల ఉబ్బి గడ్డి మిట్టపల్లాలవుతుంది. కింద కాంక్రీటు పోద్దామంటారు కొందరు. రేగడి ఉబ్బీ కుంగీ దాన్ని పగలగొడుతుంది. కంకర అయితే నేలతో పాటు సర్దుకుంటుంది.

ఆరు అంగుళాలు తవ్వించండి. గుంత అడుగునే ఇంటి గోడ నుంచి బయటికి పది అడుగులకు రెండు అంగుళాల వాటం ఇవ్వాలి. కంటితో కాదు, మేస్త్రీ దగ్గరుండే లెవల్ పైపుతో చూడండి. అడుగున వాటం లేకపోతే ఎంత కంకర పోసినా అది నీళ్లు నిండిన గోలెమే.

పల్లం వైపు అంచు వెంట నాలుగంగుళాల పీవీసీ పైపు పెట్టండి. దానికి అర అడుగుకో రంధ్రం వేసి, రంధ్రాలు కిందికి తిప్పి, రెండో చివర మోరీలో కలపాలి. మోరీ లేనివాళ్లు నీళ్లను ఇంకుడు గుంతలోకి వదులుదామంటారు. రేగడి దాటి కింద మొరం పొర తగిలేదాకా తవ్వితేనే అది పనిచేస్తుంది, లేకపోతే అదీ ఇంకో గోలెం.

కంకర

గుంత మీద నాన్‌ఓవెన్ జియో టెక్స్‌టైల్ గుడ్డ పరచండి. దుప్పటిలా ఉంటుంది, నీళ్లు దిగుతాయి, మట్టి పైకి రాదు. ఇది లేకపోతే రెండు వానాకాలాల్లో రేగడి కంకర సందుల్లోకి ఎక్కి కూర్చుంటుంది. రెండు ముక్కలు కలిసేచోట అడుగు మేర ఒకదాని మీద ఒకటి రావాలి. పైపుకు కూడా చుట్టండి.

దాని మీద 20 ఎంఎం కంకర నాలుగంగుళాలు, రెండు పొరలుగా పోసి ఒక్కో పొరనూ దిమ్మిస కొట్టించాలి. ఆపైన 6 ఎంఎం చిప్స్, అంటే సన్న కంకర, ఒక అంగుళం. ఇక్కడే మా మేస్త్రీతో గొడవ.

"సారూ, మొరం పోసి నీళ్లు కొడితే రాయి లెక్క గట్టిపడతది."

"రాయి లెక్క గట్టిపడితే ఉచ్చ ఎటు పోవాలె మేస్త్రీ?"

నవ్వి ఊరుకున్నాడు. క్రషర్ డస్టు, అంటే రాతిపొడి, విషయంలోనూ అంతే, మందంగా పోస్తే అది నీళ్లను ఆపేస్తుంది. 13 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు స్థలానికి కంకర, చిప్స్ కలిపి 80 సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు) చెప్పండి, దిమ్మిసలో కొంత తగ్గుతుంది. అంచులకు షాబాద్ బండలు నిలువుగా పాతిస్తే కంకర జారదు.

గడ్డి

13 అడుగులని ఊరికే అనలేదు. రోల్ వెడల్పు సాధారణంగా రెండు మీటర్లు, అంటే ఆరున్నర అడుగులు. రెండు పట్టీలకు సరిగ్గా సరిపోతుంది, వృథా ఉండదు. కుక్కకు 25 నుంచి 30 ఎంఎం ఎత్తు చాలు. ఎక్కువైతే మలం ఇరుక్కుంటుంది. కొనేముందు ముక్క అడిగి తీసుకుని దాని మీద చెంబు నీళ్లు పోసి చూడండి. ఆలస్యంగా దిగితే వద్దు.

రోల్‌ను ఎండలో రెండు గంటలు విప్పి ఉంచితే ముడతలు పోతాయి. రెండు పట్టీల పోచలూ ఒకే దిక్కుకు వాలేట్టు పరచండి. కత్తిరింపు వెనక వైపు నుంచే. అతుకు కింద సీమ్ టేపు, జిగురు వేసి రోజంతా కుక్కను రానివ్వకండి. అంచుల వెంట అర అడుగుకో ఆరంగుళాల జీఐ (జింకు పూత ఇనుము) మేకు కొట్టండి. కుక్క గోకేది ముందు అతుకునే, తర్వాత మూలలనే.

పోచల మధ్య చల్లడానికి జియోలైట్ అనే ఖనిజం గుళికలు మంచివి, ఉచ్చలోని అమ్మోనియాను పట్టి ఉంచుతాయి. రబ్బరు గుళికలు వద్దు. వేడెక్కుతాయి, కుక్క మింగుతుంది కూడా.

కడగడం, ఎండ

మలం వెంటనే ఎత్తేసి, రోజూ పైపుతో నీళ్లు కొట్టండి. వారానికోసారి ఎంజైమ్ క్లీనర్. ఫినాయిల్ మాత్రం పోయకండి, పాదాలకు అంటింది నాకితే కుక్కకు హాని. గడ్డి వేస్తే గోమార్లు పోతాయని కూడా అనుకోకండి, అవి గోడ సందుల్లోనూ గుడ్లు పెడతాయి.

మన ఎండలకు ప్లాస్టిక్ పెనంలా కాలుతుంది. అరచేతి వెనక వైపును గడ్డి మీద ఐదు సెకన్లు ఆనించి పెట్టలేకపోతే కుక్కను వదలొద్దు. నీళ్లు చల్లితే కాసేపే చల్లబడుతుంది. పైన గ్రీన్ నెట్ కట్టడం తప్పదు. ఆవరణ మొత్తం పరచకుండా చెట్టు కింద కొంత మట్టి వదిలేయండి. మా టామీ మే నెల మధ్యాహ్నాలు ఇంత ఖర్చు పెట్టిన గడ్డి వంక చూడదు, వేప కింద గుంత చేసుకుని పడుకుంటుంది.