పోస్టల్ ఉద్యోగి వైద్య సెలవు నిలబడేలా కాగితాలు సిద్ధం చేయడం ఎలా?

అమెరికా పోస్టల్ సర్వీసులో యూనియన్ స్టీవర్డుగా, అంటే ఉద్యోగుల తరఫున యాజమాన్యంతో మాట్లాడే ప్రతినిధిగా, తోటివారి సెలవు కాగితాలు చూస్తూ వచ్చాను. అర్హత లేక నష్టపోయినవారికన్నా, అన్ని అర్హతలూ ఉండి డాక్టరు ధ్రువీకరణ పత్రంలో ఒక్క గడి సరిగా నింపించుకోక నష్టపోయినవారే నాకు ఎక్కువగా ఎదురయ్యారు. సహోద్యోగికో, ఇంట్లోని పోస్టల్ ఉద్యోగికో సాయపడదలచినవారి కోసం ఇది రాస్తున్నాను.

మొదట అర్హత చూడండి. 1993 నాటి కుటుంబ, వైద్య సెలవుల చట్టం, అంటే ఎఫ్ఎంఎల్ఏ ప్రకారం, సంస్థలో మొత్తం 12 నెలల ఉద్యోగం, గడిచిన 12 నెలల్లో 1,250 గంటల పని ఉండాలి. సెలవులో గడిపిన గంటలు ఈ లెక్కలోకి రావు. అర్హులకు ఏడాదికి 12 వారాల వరకు జీతం లేని సెలవు, ఉద్యోగానికీ ఆరోగ్య బీమాకూ రక్షణ లభిస్తాయి. తన అనారోగ్యానికే కాక జీవిత భాగస్వామి, పిల్లలు, తల్లిదండ్రుల అనారోగ్యానికీ ఈ సెలవు వాడుకోవచ్చు. అత్తమామలు ఇందులోకి రారని చెబితే మనవాళ్ళు నమ్మరు కానీ నియమం అదే. చిన్నప్పుడు తల్లి స్థానంలో ఉండి పెంచిన అమ్మమ్మ మాత్రం వస్తుంది.

తరువాత సెలవు కోరుతూ ఇచ్చే ఫారం 3971. ముందే తెలిసిన ఆపరేషన్ వంటివాటికి 30 రోజుల ముందు, హఠాత్తుగా వచ్చినవాటికి వీలైనంత త్వరగా తెలియజేయాలి. సెలవు ఎఫ్ఎంఎల్ఏ కింద అడుగుతున్నట్టు స్పష్టంగా రాయాలి, జబ్బు వివరం రాయకూడదు, సూపర్‌వైజర్ సంతకం చేసిన కాపీ ఒకటి ఇంట్లో ఉంచుకోవాలి. నోటిమాటగా చెప్పి ఊరుకోవడం ఎప్పుడూ వద్దు.

అసలు కష్టం డాక్టరు నింపే ధ్రువీకరణ పత్రంతో వస్తుంది. సంస్థ అడిగిన తరువాత దాన్ని అందజేయడానికి కనీసం 15 క్యాలెండర్ రోజుల గడువు ఉంటుంది. చాలామంది కాగితాన్ని ఆసుపత్రి కౌంటరులో ఇచ్చి, వారం తరువాత వెళ్ళి చదవకుండానే తెచ్చుకుంటారు. అది తప్పు. పత్రంలో జబ్బు ఎన్నిసార్లు తిరగబెడుతుంది, తిరగబెట్టిన ప్రతిసారీ ఎంతకాలం పని చేయలేరు అని అడిగే గడి ఒకటి ఉంటుంది. అక్కడ డాక్టర్లు 'అవసరాన్ని బట్టి', 'చెప్పలేము', 'జీవితాంతం' అని రాసేస్తారు. ఆ మాటలు అస్పష్టంగా ఉన్నాయని పత్రాన్ని వెనక్కి పంపుతారు. అక్కడ అంకెలే ఉండాలి.

మైగ్రేన్‌తో బాధపడే ఒక సహోద్యోగికి ఇదే జరిగింది. వాళ్ళ వంటింటి గోడమీది క్యాలెండరులో, తలనొప్పితో పడుకున్న ప్రతిసారీ ఆమె భర్త పెట్టిన ఎర్ర చుక్కలను ముగ్గురం కూర్చుని లెక్కపెట్టాం: ఒక నెలలో మూడు, తరువాతి నెలలో రెండు, ఆపై నెలలో నాలుగు. ఆ లెక్కను చిన్న కాగితం మీద రాసి డాక్టరుకు ఇచ్చిన తరువాత, 'నెలకు 4 సార్ల వరకు, ప్రతిసారీ 1 నుంచి 2 రోజులు' అని ఆయన రాశారు. ఆ పత్రాన్ని ఎవరూ ప్రశ్నించలేదు.

అందుకే డాక్టరు దగ్గరికి వెళ్ళకముందే తేదీల జాబితా సిద్ధం చేయాలి. సగటు నెలను కాకుండా, నిజంగా గడిచిన వాటిలో అన్నిటికన్నా కష్టమైన నెలను చూపించాలి. తక్కువ రాయించుకుని తరువాత ఎక్కువ రోజులు మానేస్తే, పరిస్థితి మారిందంటూ గడువుకు ముందే కొత్త పత్రం అడగవచ్చు. అలాగని లేని రోజులు చేర్చి రాయించకండి. దొరికితే ఉద్యోగమే పోతుంది. చికిత్సకు వెళ్ళే అపాయింట్‌మెంట్లను తిరగబెట్టే రోజులతో కలపకుండా విడిగా రాయించాలి. డాక్టరు గదిలోంచి బయటికి వచ్చేముందే ప్రతి గడీ చదవాలి.

గుంటూరులో ఉన్న తల్లికి జబ్బు చేస్తే, అక్కడి చట్టం ప్రకారం వైద్యం చేసే డాక్టరు ఇచ్చిన పత్రం కూడా చెల్లుతుంది. అది తెలుగులో ఉంటే, అడిగినప్పుడు ఇంగ్లీషు అనువాదం ఇవ్వాలి. డిశ్చార్జి కాగితం ఒక్కటే పంపి ఊరుకోకుండా, ఖాళీ పత్రాన్ని ముందే అక్కడికి పంపి, పైన చెప్పిన గడిని ఫోనులో వివరించి నింపించండి.

పత్రం అసంపూర్తిగా ఉందంటే, ఏది లోపించిందో సంస్థ రాతపూర్వకంగా చెప్పి, సరిచేయడానికి 7 క్యాలెండర్ రోజులు ఇవ్వాలి. ఈ గడువులోనే సరిచేసిన పత్రాన్ని ఫ్యాక్స్‌లో పంపి, వెళ్ళినట్టు వచ్చిన రసీదును పత్రానికి పిన్ చేసి ఉంచండి. ఫోటో తీసి మెసేజ్ పంపే పద్ధతిని నేను ఒప్పుకోను. వివరణ కోసం డాక్టరుకు ఫోను చేసే అధికారం నేరుగా పై అధికారిగా ఉన్న సూపర్‌వైజర్‌కు లేదు. అలా చేస్తే తేదీ, సమయం రాసుకోండి.

రక్షణ ఉన్న రోజులను హాజరు లోపంగా లెక్కగట్టి క్రమశిక్షణ నోటీసు ఇస్తే, విషయం తెలిసిన 14 రోజుల్లోపు గ్రీవెన్స్, అంటే యూనియన్ ద్వారా సంస్థకు ఇచ్చే అధికారిక ఫిర్యాదు, వేయాలి. స్టీవర్డు సెలవులో ఉన్నా గడువు ఆగదు కాబట్టి, నోటీసు అందిన రోజే యూనియన్ ఆఫీసుకు ఫోను చేయండి. కార్మిక శాఖలోని వేతన, పనిగంటల విభాగానికి ఫిర్యాదు చేసే దారి దీనికి అదనం. కోర్టుకు వెళ్ళడానికి సాధారణంగా రెండేళ్ళ గడువు ఉంటుంది.