గ్రాఫిక్స్ కార్డ్ లేని లాప్‌టాప్‌ల ఏ గేమ్ ఆడాలె, ఎట్ల మొదలుపెట్టాలె

మా హన్మకొండల బీటెక్ పోరగాళ్ళు కలిసినప్పుడల్లా అడిగేది ఒక్కటే, అన్నా నా లాప్‌టాప్‌ల కార్డ్ లేదు, 8 జీబీ ర్యామ్ ఉన్నది, ఏ గేమ్ నడుస్తది అని. అందుల సగం మంది ఎల్డెన్ రింగ్ వీడియోలు చూసి అదే కావాలని కూసుంటరు. అది 2022ల వచ్చింది, కార్డ్ లేకుంటే సక్కగ నడవదు, ఇప్పుడైతే దాని రంధి పెట్టుకోకుర్రి. పెద్ద గేమే మంచి గేమ్ అంటే నేను అస్సలు ఒప్పుకోను, నాకు పానమైన గేములన్నీ గిసొంటి లాప్‌టాప్‌ల ఆడినయే.

ముందుగాల కొనుడు సంగతి. స్టీమ్ అంటే కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం, దాంట్ల రేట్లు రూపాయలల్లనే ఉంటయి, యూపీఐతోని కట్టొచ్చు, కొన్న 14 రోజుల లోపల, ఆడింది 2 గంటలు దాటకుంటే పైసలు వాపస్ అడగొచ్చు. గేమ్ ఓపెన్ చేసి మెనూల పెట్టి చాయ్ తాగనీకి పోయినా ఆ టైమ్ కూడ లెక్కలకొస్తది, అది యాదిల పెట్టుకోర్రి. అందుకే పెట్టంగనే గేమ్ సెట్టింగ్‌లల్ల రెజల్యూషన్ 720కి దించి, నీడలు (షాడోస్) బంద్ చేసి, ఒక గంట ఆడుర్రి, ఆగాగి నడిస్తే ఇగ ఆలోచించకుండ వాపస్ ఇచ్చేయుర్రి. తొందర లేకుంటే విష్‌లిస్ట్‌ల పెట్టి స్టీమ్ సమ్మర్ సేల్ దాక, లేకుంటే వింటర్ సేల్ దాక ఆగుర్రి.

ఫస్ట్ గేమ్ ఏదంటే నేను స్టార్‌డ్యూ వ్యాలీ అనే చెప్త. 2016ల వచ్చింది, ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషి నాలుగేండ్లకు పైగ కూసొని బొమ్మలు, మ్యూజిక్, కోడ్ అన్నీ తానే చేసిండు, అది తలుసుకుంటెనే నాకు మస్తు గౌరవం. వ్యవసాయం గేమ్. మొదటి దినమే 15 పార్స్‌నిప్ గింజలిస్తరు, ముల్లంగి లెక్క దుంప, 4 రోజులకు చేతికొస్తది. చేనంతా ఒకేసారి సాఫ్ చేద్దామని గొడ్డలి పట్టుకోకుర్రి, ఓపిక అయిపోతది, 15 గుంటలు తవ్వి నీళ్ళు పోసి ఊర్లె మనుషులను కలువనీకి పోవుడే మంచిది. గేమ్‌ల గడియారం ప్రకారం రాత్రి 2 గంటల లోపల పండుకోవాలె, లేకుంటే పడిపోతరు. ఒక్కో సీజన్ 28 రోజులే, కాలీఫ్లవర్ 12 రోజుల పంట గదా, 20వ తారీకు పెడితే సీజన్ మారంగనే సచ్చిపోతది, ఈ లెక్క చూసుకోకుంటే పైసలన్నీ మట్టిల పోసినట్టే.

మా అమ్మ పత్తి చేన్ల పనిచేసిన మనిషి, ఒకసారి పక్కకు కూసొని చూసి, వాన పడుతుంటె నీళ్ళెందుకు పోస్తున్నవ్‌రా అన్నది. నిజంగనే వాన దినం ఆ గేమ్‌ల పంటకు నీళ్ళు పోసుడు అక్కరలేదు, నేను వారం నుంచి ఓపిక దండగ చేస్తున్న. ఇంట్ల టీవీ పెడితే రేపటి వాతావరణం చెప్తది, పొద్దుగాల అది చూసినంకనే పని మొదలుపెట్టుర్రి.

పాత జీటీఏ వైస్ సిటీ గేమ్ ఉన్నోళ్ళు, బొమ్మ హెలికాప్టర్‌తోని బిల్డింగ్‌ల బాంబులు పెట్టే మిషన్ కాడ ఇడిచిపెడ్తరు, నెట్ సెంటర్ల ఆడిన మా తరం మొత్తం ఆడనే ఆగింది. కిటుకు ఏందంటే టైమ్ మొదలయ్యేది మొదటి బాంబు ఎత్తినంకనే, దానికి ముందు ఎంతసేపైన తిరగొచ్చు, బిల్డింగ్‌ల ఉన్నోళ్ళను రెక్కలతోని ముందే కొట్టేసి, మెట్ల దారి మంచిగ చూసుకొని అప్పుడు బాంబు పట్టుకోర్రి.

సెలెస్ట్ 2018ది, కొండ ఎక్కుడు గేమ్, దూకుడు మీదనే అంతా, కష్టం. చేతులు తిరగకుంటే అసిస్ట్ మోడ్ ఆన్ చేయుర్రి, స్పీడ్ సగం దాక తగ్గించుకోవచ్చు. అది ఓడిపోయినట్టు అని కొందరంటరు, నాకు ఆ మాట నచ్చది, చేసినోళ్ళే మీకోసం పెట్టిండ్రు.

ఫోన్‌ల ఆడే తుపాకుల గేమ్ బీజీఎంఐ అందరికి తెలిసిందే, ఒక్కటే మాట, వేరేటోళ్ళ సెన్సిటివిటీ కోడ్ (వేలు జరిపితే చూపు ఎంత తిరగాల్నో చెప్పే సెట్టింగ్) ఎత్తుకొచ్చి పెట్టుకోకుర్రి, వాళ్ళ ఫోన్ వేరే మన ఫోన్ వేరే, ట్రైనింగ్ గ్రౌండ్‌ల మీదే సెట్ చేసుకోర్రి.

ఇగ హాలో నైట్, భూమి కింద తిరుగుకుంట కొట్లాడే గేమ్, ఆస్ట్రేలియాల అడిలైడ్ కాడి చిన్న టీమ్ 2017ల తీసింది. నేను ఆడినయన్నిట్ల పెద్ద పీట దీనికే, కాని ఫస్ట్‌కే ఆడకుర్రి, దారి తప్పుడే ఎక్కువ. కొత్త జాగల మ్యాప్ ఉండది, కింద కాయితాలు పడి ఉంటే, ఎవరో కూనిరాగం తీస్తున్నట్టు వినిపిస్తే ఆ దిక్కు పోవాలె, మ్యాప్ అమ్మేటాయన ఆడనే ఉంటడు. ఊర్ల ఆయన పెండ్లాం దుకాణంల కలం కూడ కొనాలె, కలం లేకుంటే మీరు తిరిగిన జాగ మ్యాప్‌ల ఎక్కదు, కలం ఉన్నా బెంచీ మీద కూసున్నంకనే ఎక్కుతది. సచ్చిపోతే పైసలు అక్కడనే, దయ్యం లెక్క మిగిలిన మీ నీడ కాడ ఉంటయి, దాన్ని కొట్టి తెచ్చుకునే లోపల మళ్ళ సచ్చిపోతే మొత్తం పోయినట్టే, అందుకే చేతిల పైసలు ఎక్కువైతే బాస్ (పెద్ద శత్రువు) కాడికి పోకముందే ఊర్లెకు పోయి ఖర్చు పెట్టేయుర్రి.