పిల్లల్ని ఏటికొప్పాక బొమ్మల తయారీకి తీసుకెళ్లడం ఎలా?

మొదటిసారి ఎనభై మందితో వెళ్లాం. అదే మేం చేసిన తప్పు. బొమ్మలు చేసే షెడ్డు మన ఇంటి వసారా అంత ఉంటుంది. ముందు వరసలో పదిమందికి లేత్ (కర్రను తిప్పే యంత్రం) కనిపించింది, మిగతావాళ్లకు వాళ్ల వీపులు కనిపించాయి. తిరుగు ప్రయాణంలో ఏం చూశారని అడిగితే సగం మంది ‘సమోసా’ అన్నారు. రెండోసారి పద్ధతి మార్చాం, బాగా కుదిరింది. ఆ పద్ధతే ఇక్కడ రాస్తున్నా.

ముందు ఊరి గురించి చెప్పండి

అనకాపల్లి జిల్లాలో యలమంచిలి దగ్గర, వరాహ నది ఒడ్డున ఉంది ఏటికొప్పాక. ఇక్కడ గేటు, సైరన్, కన్వేయర్ బెల్టు ఉన్న ఫ్యాక్టరీ కోసం వెతక్కండి. చాలామంది ఇంటి దగ్గరే, చిన్న చిన్న షెడ్లలో పనిచేస్తారు. అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ చెక్కి, లక్క పూస్తారు. రసాయన రంగులు వచ్చాక వెనకబడిన సహజ రంగులను మళ్లీ పనిలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ), అంటే ఇది ఫలానా చోటి సరుకని చట్టం ఇచ్చే గుర్తింపు, దక్కింది. బయలుదేరే ముందురోజు క్లాసులో ఇంతవరకు చెబితే చాలు. మిగతాది అక్కడ కళ్లతో చూడనివ్వండి.

మాట్లాడుకోవాల్సినవి

ఒక ట్రిప్పుకు ముప్పై మందికి మించొద్దు. వాళ్లను మూడు జట్లు చేయండి. ఒక జట్టు షెడ్డులో ఉంటే, ఇంకొకటి రంగుల దగ్గర, మూడోది ఏటి ఒడ్డున టీచర్‌తో. అరగంటకోసారి మార్చండి.

వెళ్లే తేదీ కళాకారుడితో ముందే ఫోన్లో ఖాయం చేసుకోండి. దసరా, సంక్రాంతికి ముందు బొమ్మల కొలువు ఆర్డర్లతో వాళ్లకు ఊపిరాడదు, ఆ రోజుల్లో వద్దు. కార్తీకంలో అయితే వనభోజనం కూడా కలిసొస్తుంది. బయలుదేరే రోజు పొద్దున్నే ఇంకో ఫోన్ చేసి కరెంటు ఉందో లేదో కనుక్కోండి. నవ్వకండి, కరెంటు లేకపోతే లేత్ తిరగదు, మీ టూర్ అక్కడితో సరి.

డబ్బుల సంగతి కూడా ఆ ఫోన్లోనే తేల్చేయండి. పిల్లలకు చూపిస్తూ కూర్చుంటే ఆ పూట ఆయన పని ఆగిపోతుంది. ఆ పూట కూలి ఎంతో అడిగి ఇచ్చేయడం మర్యాద. ‘పిల్లలే కదా సార్’ అని ఆయన వద్దన్నా సరే, ఇవ్వండి.

తల్లిదండ్రుల సంతకాలు, హెడ్మాస్టర్ అనుమతి, మందుల డబ్బా ఎలాగూ తప్పవు. ఉబ్బసం ఉన్న పిల్లలకు మాస్కు పెట్టండి, పొట్టు బాగా లేస్తుంది. ఆడపిల్లలు జడ గట్టిగా ముడేసుకోవాలి, చున్నీలు వెనక్కి కట్టుకోవాలి. తిరిగే లేత్‌కు ఒక మూర దూరంలో సుద్దముక్కతో గీత గీసి, అది దాటొద్దని చెప్పండి. నేను ఎక్కువ టెన్షన్ పడింది దీని గురించే.

షెడ్డులో ఏం చూపించాలి

అసలు సంగతి ఇక్కడే ఉంది, తొందరపడకండి.

ఎండిన కర్రముక్కను లేత్‌కు బిగించి ఉలి ఆనిస్తే, పొట్టు సన్నటి రిబ్బన్‌లా చుట్టలు తిరుగుతూ రాలుతుంది. అంకుడు మెత్తటి కర్ర, అందుకే అంత నున్నగా తెగుతుంది. మెడ, బొజ్జ, అడుగు కళ్లముందే తేలతాయి. తర్వాత ఆయన రంగు లక్క కర్ర తీసుకుని తిరుగుతున్న బొమ్మకు అదిమిపెడతాడు. రెండు క్షణాల్లో లక్క కరిగి చెక్క చుట్టూ పసుపు పట్టీ అవుతుంది. పైన మొగలి ఆకు పెట్టి రుద్దితే అద్దంలా మెరుస్తుంది.

సరిగ్గా ఆ క్షణంలో అడగండి: ‘పొయ్యి లేదు, మంట లేదు, మరి లక్క ఎలా కరిగింది?’ మా ఎనిమిదో తరగతి పిల్లలు కాసేపు నోరు మెదపలేదు. ఆఖరికి వెనక నిలబడ్డ ఒకడు రెండు అరచేతులు రుద్దుకుని చెంపలకు ఆనించుకున్నాడు. ఘర్షణ పాఠం నేను నాలుగు పీరియడ్లు చెప్పా. వాడికి అర్థమైంది మాత్రం అక్కడ.

రంగుల దగ్గర పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు, కరక్కాయ చూపించమని అడగండి. జాఫ్రా గింజల్ని వేళ్లతో నలపనివ్వండి, ఎర్రగా అంటుకుంటుంది. లక్క ఒక పురుగు స్రవించే పదార్థమని చెబితే కొందరు చేతులు వెనక్కి తీసుకుంటారు, పర్వాలేదు. చంటిపిల్లలు బొమ్మను ముందు నోట్లోనే పెట్టుకుంటారు కాబట్టి రంగులో ఏముందన్నది చిన్న విషయం కాదని కూడా అక్కడే చెప్పండి.

‘సార్, దీనిమీద ఐఎస్ఐ గుర్తు లేదేంటి?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. మంచి ప్రశ్న. 2021 జనవరి 1 నుంచి దేశంలో అమ్మే బొమ్మలకు ఆ గుర్తు తప్పనిసరి. కాకపోతే నమోదైన హస్తకళాకారులు చేసే బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు కింద నమోదైనవాళ్లు చేసే వాటికి మినహాయింపు ఉంది.

ప్రతి జట్టూ కళాకారుణ్ని కనీసం మూడు ప్రశ్నలు అడగాలని ముందే చెప్పండి. ఒకటి కర్ర గురించి ఉండాలి: అంకుడు ఎక్కడి నుంచి వస్తోంది, ముందులా దొరుకుతోందా? ఇంకొకటి, మీ పిల్లలు ఈ పని నేర్చుకుంటున్నారా అని. ఆయన జవాబు చెప్పేటప్పుడు మీరు మధ్యలో దూరి సర్దిచెప్పకండి.

కొనేటప్పుడు

కొనడం ఆఖర్న పెట్టండి, లేకపోతే ఎవరి చూపూ లేత్ మీద నిలవదు. తలా ఇంత అని పైకం పరిమితి పెట్టండి. బేరం మాత్రం ఆడనివ్వకండి. ఒక బొమ్మ వెనక ఎంత పనుందో అప్పుడే చూసి వచ్చారు కదా.

రాలిన పొట్టు కొంచెం, విరిగిన లక్క ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి, సైన్సు ల్యాబులో పెట్టొచ్చు. మర్నాడు క్లాసులో పసుపు పూసిన కాగితం మీద సబ్బునీళ్లు చిలకరించి, రంగు ఎందుకు ఎర్రబడిందో పిల్లలనే చెప్పమనండి.

వేళ్లతో తిప్పే బొంగరాలు కొంటే బస్సు ఎక్కేముందే అన్నీ ఒక సంచిలో వేయించండి. మేం వేయించలేదు. యలమంచిలి దాటేలోపు నాలుగు సీట్ల కిందకు దొర్లిపోయాయి, ఒకటి ఇప్పటికీ దొరకలేదు.