పక్షవాతం ఎప్పుడు మొదలైంది? 4వ పాఠం: లాక్టేట్, ఎన్‌ఏఏలను కలిపి చదవడం

బెంగళూరులో రేడియోగ్రఫీ చదువుకుంటున్న మన తెలుగు పిల్లల కోసం రాస్తున్న పాఠాల్లో ఇది నాలుగోది. పోయినసారి డిఫ్యూజన్, ఫ్లెయిర్ అనే రెండు రకాల ఎంఆర్‌ఐ బొమ్మలను పక్కపక్కన పెట్టి చూశాం. డిఫ్యూజన్‌లో మచ్చ తెల్లగా మెరుస్తూ, ఫ్లెయిర్‌లో అదే చోట ఏమీ కనబడకపోతే, పక్షవాతం వచ్చి నాలుగున్నర గంటలు దాటకపోయి ఉండొచ్చు. 2018లో వెలువడిన వేక్-అప్ ట్రయల్ ఈ తేడా ఉన్నవాళ్లను ఎంచుకుంది. సమయం తెలియకపోయినా వాళ్లకు గడ్డ కరిగించే మందు మేలు చేస్తుందని చూపింది. ఈసారి మెదడు కణాల్లోని లాక్టేట్, ఎన్‌ఏఏ (ఎన్-అసిటైల్ ఆస్పార్టేట్) అనే రెండు రసాయనాల దగ్గరికి వెళదాం.

కానీ మొదట మనుషుల్ని అడగాలి. అనంతపురం నుంచి వచ్చి కె.ఆర్.పురంలో కొడుకు దగ్గర ఉంటున్న ఒక పెద్దాయన అనుకోండి. పొద్దున ఆరింటికి లేచేసరికి కుడి చెయ్యి పడిపోయింది, మాట ముద్దముద్దగా వస్తోంది. రాత్రి పదింటికి పడుకున్నారని కొడుకు చెప్పగానే అదే రాసుకుని ఊరుకోకండి. ఆయన భార్యను పక్కకు పిలిచి, "అమ్మా, మధ్యలో ఎప్పుడైనా లేచారా? అప్పుడు బాగానే మాట్లాడారా?" అని అడగండి. "నాలుగింటికి లేచి నీళ్లు తాగినారు, మోటరు వేసినారా అని కూడా అడిగినారు, మాట బాగానే ఉండింది" అని ఆమె అన్నారనుకోండి. బాగున్నట్టు చివరిసారి చూసిన సమయం ఒక్కసారిగా ఆరు గంటలు ముందుకు జరిగింది. అంటే మందు ఇవ్వడానికి ఎనిమిదిన్నర దాకా అవకాశం ఉన్నట్టే. ఏ స్కానూ ఇంత త్వరగా ఇంత మేలు చేయలేదు.

ఇంట్లో చూసినవాళ్లే లేకపోతే? అప్పుడు కణజాలాన్నే అడగాలి. రక్తం అందని చోట ప్రాణవాయువు ఉండదు. కణాలు అది లేకుండానే గ్లూకోజును వాడుకుంటాయి, దాంతో నిమిషాల్లోనే లాక్టేట్ పేరుకుపోతుంది. ఎన్‌ఏఏ సంగతి వేరు. అది దాదాపుగా నాడీకణాల్లోనే ఉంటుంది, అవి చచ్చిపోతున్నకొద్దీ గంటల మీద, రోజుల మీద తరుగుతుంది. ఒకటి ఉరుకుతుంది, ఒకటి నింపాదిగా దిగుతుంది. ఈ రెండు వేగాల మధ్య తేడాలోనే మనకు కావలసిన గడియారం ఉంది.

ఇప్పుడు స్పెక్ట్రోస్కోపీ (ఎంఆర్‌ఐ మెషీన్‌తోనే కణజాలంలోని రసాయనాలను కొలిచే పద్ధతి) గ్రాఫ్ తెరవండి. అంకెలు కుడి నుంచి ఎడమకు పెరుగుతాయి, మొదట్లో అందరూ తికమకపడేది ఇక్కడే. 3.2 పీపీఎం (గ్రాఫ్‌లో ఏ రసాయనం ఎక్కడ పడుతుందో చెప్పే కొలత) దగ్గర కోలిన్, 3.0 దగ్గర క్రియాటిన్, 2.0 దగ్గర ఎన్‌ఏఏ. మామూలు మెదడులో అన్నిటికన్నా ఎత్తైన పీక్ ఎన్‌ఏఏదే. 1.3 దగ్గర రెండు కొనలతో కనబడేది లాక్టేట్. చిక్కేమిటంటే, తలచర్మం కింది కొవ్వు సిగ్నల్ కూడా ఆ పక్కనే పడుతుంది. అందుకే ఎకో టైమ్‌ను (రేడియో తరంగం పంపాక సిగ్నల్ అందుకునేదాకా ఆగే సమయం) 144 మిల్లీసెకన్లు పెడతాం. అప్పుడు లాక్టేట్ తలకిందులవుతుంది, కొవ్వు మిగిలితే నిటారుగానే ఉంటుంది. 3 టెస్లా (అయస్కాంత బలం) మెషీన్‌లో ఈ తలకిందుల పీక్ ఒక్కోసారి ఉన్నదానికన్నా చిన్నగా కనబడుతుంది. అనుమానంగా ఉంటే, పేషెంట్‌కు ఆలస్యం కానప్పుడే, 288 మిల్లీసెకన్ల దగ్గర మళ్లీ తీసి చూడండి. అక్కడ లాక్టేట్ నిటారుగా లేస్తుంది.

తర్వాత, మచ్చ ఉన్న చోట ఒక వాక్సెల్ (సిగ్నల్ తీసుకునే చిన్న పెట్టె లాంటి చోటు), సరిగ్గా అవతలి వైపు అదే చోట ఇంకొకటి పెట్టండి. వెన్నుద్రవం తగలకుండా చూసుకోండి. చెడిన వైపు ఎన్‌ఏఏను బాగున్న వైపు ఎన్‌ఏఏతో పోల్చాలి. విడిగా ఒక్క అంకె ఏమీ చెప్పదు, ఎందుకంటే వయసును బట్టి, మెదడులో చోటును బట్టి అది మారుతుంది.

లాక్టేట్ కనబడింది కదా, కొత్త పక్షవాతమే అని రాసేయకండి. పాత మచ్చల్లో కూడా అది వారాలపాటు నిలిచి ఉండొచ్చు. ఎన్‌ఏఏ కూడా సమయాన్ని ఒక్కదాన్నే చెప్పదు. పక్కదారి రక్తనాళాలు బాగా ఆదుకుంటున్న మనిషిలో నెమ్మదిగా, ఆ ఆసరా లేనివాళ్లలో వేగంగా తగ్గుతుంది. అందుకే నిమిషాలు, గంటలు లెక్కగట్టి రాయడం నాకు నచ్చదు. "తొలి గంటల్లోది కావచ్చు" అనో, "ఆలస్యమైనట్టుంది" అనో రాయడమే నిజాయితీ.

ఇంత ఉపయోగం ఉన్నా ఎమర్జెన్సీలో దీన్ని ఎందుకు వాడరు? మామూలు పద్ధతిలో వాక్సెల్‌లు పెద్దవి, టైమ్ ఎక్కువ. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో ఝీ-పెయ్ లియాంగ్ బృందం తయారుచేసిన స్పైస్ పద్ధతి ఈ అడ్డంకినే తొలగించడానికి వచ్చింది. రెండు మూడు మిల్లీమీటర్ల వాక్సెల్‌లతో దాదాపు మెదడు మొత్తాన్నీ సుమారు 8 నిమిషాల్లో తీయగలదు. దీంతో పక్షవాతం మొదలైన సమయం అంచనా వేయడం ఇంకా పరిశోధన దశలోనే ఉంది. పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు పోతాయని 2006లో వేసిన అంచనా. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో అంబులెన్స్ ఇరుక్కుని వచ్చిన పేషెంట్‌కు ఇంకో 8 నిమిషాలు కూడా భారమే. మొదలైన సమయం తెలిసి, మందు ఇవ్వడానికి డాక్టరు సిద్ధంగా ఉంటే, ఈ స్కాన్ కోసం ఒక్క క్షణం కూడా ఆపకూడదు.

అభ్యాసం: ఇద్దరు పేషెంట్లకూ డిఫ్యూజన్‌లో మచ్చ ఉంది, ఇద్దరికీ లాక్టేట్ ఉంది. మొదటివారిలో ఎన్‌ఏఏ అవతలి వైపుతో పోలిస్తే 90 శాతం, ఫ్లెయిర్‌లో ఏమీ లేదు. రెండోవారిలో 45 శాతం, ఫ్లెయిర్‌లో మచ్చ స్పష్టంగా ఉంది. ఎవరిది ముందు మొదలై ఉంటుంది, ఏ ఆధారంతో చెబుతున్నారు? రాసి పెట్టుకోండి. తర్వాత ఫ్లెయిర్ సంగతి కాసేపు పక్కన పెట్టి, 45 శాతం అన్న ఒక్క అంకెతోనే అదే మాట చెప్పగలరేమో చూడండి. చెప్పలేకపోతే పక్కదారి రక్తనాళాల గురించి పైన రాసిన పేరా మళ్లీ చదవండి. వచ్చే పాఠంలో, ఎక్కడ రక్తం ఎంత అందుతోందో చూపే పెర్ఫ్యూజన్ మ్యాప్‌తో అదే చూద్దాం.