తడిసిన బూట్లకు పాత పేపర్ చాలు

అక్టోబర్‌లో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో ఉన్న మాల్హమ్ ఊరి వైపు నడకకు వెళ్తే బూట్లు తడవకుండా ఇంటికి రావడం కష్టం. అక్కడ మాల్హమ్ కోవ్ అనే నిటారు కొండ పైన సున్నపురాయి బండలు మన కడప నాపరాళ్లు పరిచినట్టే ఉంటాయి, చూడ్డానికి ఎంతో బాగుంటాయి. కానీ దారిలో తడి గడ్డి, బురద. మర్నాడు మళ్లీ అవే బూట్లు వేసుకోవాలంటే టెన్షన్.

ఇంటికి రాగానే లేసులు, లోపలి అట్టలు తీసేయండి. బురద చల్లటి నీళ్లతో కడిగి, ఒక్కో బూటులో నాలుగైదు న్యూస్‌పేపర్ షీట్లు వదులుగా నలిపి, వేళ్ల దగ్గరి దాకా కుక్కండి. గంట తర్వాత ఆ తడి పేపర్ తీసి కొత్తది పెట్టండి. ఈ మొదటి మార్పే ముఖ్యం, ఎక్కువ నీళ్లు అప్పుడే పోతాయి. పడుకునే ముందు ఇంకోసారి మార్చి, గాలి తగిలేచోట పక్కకు వాల్చి పెట్టండి. నావి పొద్దుటికి వేసుకునేలా ఆరాయి.

నున్నటి మ్యాగజైన్ కాగితం నీళ్లు పీల్చదు. వాగులో దిగి పూర్తిగా నానిన వాటర్‌ప్రూఫ్ బూట్లు మాత్రం ఒక్క రాత్రిలో ఆరవు. తొందరపడి హీటర్ మీద పెట్టకండి, జిగురు ఊడిపోతుంది, తోలు పగులుతుంది.